మూడో మంచం

చోడవరం
14-5-1996

ప్రియమైన రూపక్కా,

వారమైంది, అన్నం సరిగ్గా తినడం లేదు. మా నర్సింగ్‌హోమ్‌లో రావికమతం నుంచి వచ్చిన చిన్నతల్లి అనే ఆవిడ పోయింది. ఆమెకి పెన్సిలిన్ పడదని కేసు షీటు మీద ఎర్రసిరాతో రాసే ఉంది. ఉక్కకి తాళలేక ఫ్యాను కింద ఉన్న మూడో మంచానికి మారింది. అక్కడున్న మంగాయమ్మ ఈమె మంచానికి వెళ్ళింది. ఆయా నరసమ్మే దగ్గరుండి మార్చింది. మంగాయమ్మకని నింపిన పెన్సిలిన్ ఇంజెక్షన్ చిన్నతల్లికి చేసేశానక్కా. పది నిమిషాలు కూడా బతకలేదు.

డాక్టరుగారు నరసమ్మని ఆ పూటే పనిలోంచి పంపేశారు. చిన్నతల్లి మొగుడు జగ్గయ్యని కూడా కసిరారు. "ఇంజెక్షన్ చేస్తుంటే అదేటని మీ ఆవిడ అడగొద్దా?" అన్నారు. అతను తల దించుకుని, "నోరు లేని మనిషండి బాబూ" అన్నాడు.

నీ చెల్లి
సంధ్య

విశాఖపట్నం
20-5-1996

బంగారు చెల్లీ,

ఒసే పిచ్చిదానా, ముందు అన్నం తిను. మంచాల వరసలో సిరంజిలు ముందే నింపి ట్రేలో సర్దుకోవడం నీకు నేర్పింది నేనే. ఇక్కడ మా వార్డులోనూ అంతే. ముప్పై మంచాలకి ఒక్కర్తినే, పేరుపేరునా అడుగుతూ కూచుంటే తెల్లారినట్టే. నువ్వు వరస తప్పలేదు, వరస మార్చింది నరసమ్మ. డాక్టరుగారు తేల్చేశాక నువ్వు మళ్ళీ కెలక్కు. ఒకసారి మచ్చ పడితే ఇంకెక్కడా ఉద్యోగం ఇవ్వరు.

నీ మేలు కోరే అక్క
రూపాదేవి

చోడవరం
2-6-1996

అక్కా,

కోప్పడకుండా చదువు. నీకు సగమే రాశాను. మంచాలు మార్చానని నరసమ్మ నాతో చెప్పింది. ట్రే సర్దుకుంటూ "ఊఁ" అన్నాను గానీ చెవిన పెట్టలేదు. చిన్నతల్లి నోరు లేని మనిషీ కాదు. చెయ్యి పట్టుకోగానే, "పెన్సిలిన్ కాదు కదమ్మా?" అని అడిగింది. నేను మొహమైనా చూడకుండా, "కాదులే, పడుకో" అన్నాను.

మొన్న డాక్టరుగారికి ఇదంతా కాగితం మీద రాసిచ్చాను. చింపేసి, రేపట్నించి రావద్దన్నారు. నరసమ్మ ఇంటికి వెళ్తే తలుపు తియ్యలేదు. ఎందుకు తీస్తుంది?

ఈరోజు రావికమతం వెళ్ళాను. జగ్గయ్య నన్ను కొడతాడనే అనుకున్నాను. అంతా విని అరుగు మీద కూలబడ్డాడు.

"అయితే అడిగిందన్నమాట," అన్నాడు. "ఇన్నాళ్ళూ దాన్నే తిడతన్నానమ్మా, నోరెందుకు తెరవలేదే అని."

సంధ్య