మీ అబ్బాయి కోసేది ఉత్త గడ్డి కాదు

అత్తయ్యగారికి నమస్కారాలు.

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులు కూడా దొర్లుతాయి. చదివింది ఐదో తరగతే కదా, సర్దుకుని చదవండి. మీ అబ్బాయి కొండ మీదికి వెళ్ళారు కాబట్టి మీరు అడిగినదానికి నేనే జవాబు రాస్తున్నాను.

ఆయన గడ్డి కోసే కూలీ కాదండీ. పరిశోధన చేస్తారు. మన ఒంట్లో ప్రతి కణంలోనూ క్రోమోజోములని ఉంటాయట. అమ్మ నుంచి ఒక సెట్టు, నాన్న నుంచి ఒక సెట్టు. కొండగడ్డి ఒక్కోసారి సగం ఇవ్వాల్సిన చోట ఉన్నదంతా పిల్లమొక్కకు ఇచ్చేస్తుంది. అందుకే కొన్నిటికి నాలుగు సెట్లు, కొన్నిటికి ఆరు, ఎనిమిది. పైకి అన్నీ ఒకలాగే ఉంటాయి. ఆకును బ్లేడుతో తరిగి, రంగునీళ్ళు కలిపి మెషీన్లో పెడితే లోపల సరుకెంతో తెలుస్తుంది. ఆ మెషీన్ని అందరినీ ముట్టుకోనివ్వరు. మీ అబ్బాయిని ముట్టుకోనిస్తారు.

మీ కోడలు

తా.క. మనిషి కంటే ఎక్కువ సరుకున్న గడ్డి కూడా ఉందట. మామయ్యగారికి చెప్పకండి, నొచ్చుకుంటారు.

*

అమ్మాయికి అత్త ఆశీస్సులు.

నీ అక్షరాలు బాగానే ఉన్నాయి, అందులో సంగతే బాగాలేదు. నాలుగు సెట్లంటే ఇద్దరు తల్లులూ ఇద్దరు తండ్రులూనా? ఎనిమిదంటే ఇక అడగనే అక్కర్లేదు. అలాంటి గడ్డితో నా కొడుక్కి సావాసమేంటే? ఇక్కడ మీ మామయ్య మోకాళ్ళు పట్టేసి కొట్లో మేకుల డబ్బా కూడా ఎత్తలేకపోతున్నాడు. వాడొచ్చి గల్లా దగ్గర కూర్చోవాల్సిందే.

ఎంత గడ్డి ఇస్తే వాణ్ణి వదులుతారో కనుక్కో. మన పెరట్లో గోడవారన మోకాలెత్తు పెరిగింది. వేళ్ళతో సహా పీకించి బస్తా పంపుతున్నా. అది అప్పజెప్పి, రాజీనామా ఇచ్చి బస్సెక్కమను.

మీ అత్త

తా.క. చాలకపోతే చెప్పు, పక్కింటివాళ్ళ పెరడు కూడా ఉంది.

*

అత్తయ్యగారికి నమస్కారాలు.

బస్తా చేరింది. ఇక్కడ గడ్డి తూకానికి తీసుకోరండీ. అయినా మీరు పంపినది పారేయలేక ఒక కుదురు కుండీలో నాటాను.

ఆయన కొండ దిగి వచ్చి, రాజీనామా మాట విని అన్నం ముట్టలేదు. 'అమ్మ మాట కాదనలేను, ఇది వదల్లేను' అని కుండీల మధ్య తిరిగారు. మీ గడ్డి చూసి ఆగి, 'ఇదెక్కడిది? కొండగడ్డి పోలికలున్నాయే!' అన్నారు. సిగ్గుపడుతూ చెప్పాను. నవ్వుతారనుకుంటే బ్లేడు తీశారు.

మీ కోడలు

తా.క. మీ గడ్డికి రెండే సెట్లు వచ్చాయి. ఏమీ అనుకోకండి.

*

అమ్మాయికి ఆశీస్సులు.

రెండేనా? బియ్యం కడిగిన నీళ్ళు పోసి పెంచిన గడ్డే అది! రాళ్ళల్లో దిక్కులేకుండా మొలిచినదానికి ఎనిమిదీ, నాదానికి రెండూనా? నలుగురికీ తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? వాణ్ణి మళ్ళీ కొలవమను. సంగతి తేలేదాకా ఉద్యోగం మానితే ఊరుకోను. అందాకా గల్లా దగ్గర నేనే కూర్చుంటా.

మీ అత్త

తా.క. కూర్చున్నా. మీ మామయ్య కంటే నాకే లెక్క బాగా వస్తోంది. వాడు రాకపోయినా నష్టం లేదు.

*

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీరన్నట్టే, నన్నూ మెషీన్ దగ్గరికి తీసుకెళ్ళి, మళ్ళీ కొలిచారు. మళ్ళీ రెండే. మొదటిసారి మెషీన్ తప్పేమోనని ఆయన పైకి అనలేదట. చూడగానే ఆయన కుర్చీలోంచి లేచి, అందరి ముందూ 'మా అమ్మ పంపింది, మా ఆవిడ బతికించింది' అన్నారు. నాకు తల ఎత్తాలో దించాలో తెలియలేదు. ఎత్తాను.

నాలుగు, ఆరు, ఎనిమిది సెట్లవన్నీ ఏ రెండు సెట్ల గడ్డి నుంచి పుట్టాయో, అదొక్కటే ఇన్నాళ్ళూ దొరకలేదట. ఆయన పైపైకి ఎక్కుతూ వెతికారు. అది కొండ దిగువన మీ ఊళ్ళో, మీ గోడవారన ఉంది. కొండ మీది గడ్డికంతటికీ తల్లి మీ పెరట్లోదే అత్తయ్యగారూ. ఆ గోడను చూడటానికి ఆయన పైన ఉండే పెద్దసారే వస్తున్నారు. మిగిలిన గడ్డి పీకించకండి.

మీ కోడలు

తా.క. ఆయన రాసేది పత్రికలో అచ్చయ్యేదాకా ఇది ఎవరికీ తెలియకూడదట. మామయ్యగారికి ఒక్కసారి, కొట్లో జనం ఉన్నప్పుడే, కాస్త గట్టిగా చదివి వినిపించి, ఆ తర్వాత ఈ ఉత్తరం కాల్చేయండి.