రెండో పాటకి ఆగిపోయే లైవ్

కోట,
బుధవారం.

కరుణకు,

ప్రభువు కృప వల్ల అమ్మ, మెర్లిన్, నేను ఇక్కడ బాగున్నాం. ఆ కువైట్ ఎండల్లో నువ్వూ బాగున్నావని తలుస్తాను. మన చర్చి హెబ్రోను రేపు మీ ఊరికే విమానం ఎక్కుతున్నాడు. ఫోన్లో నాకు మాటలు రావని నీకు తెలుసు. అందుకే ఉప్పు చేపలతోపాటు ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబు చెప్తాను. నెట్ బిల్లు కట్టాను. వైరు ఎలుకలు కొరకలేదు, ఇంటి నుంచి స్తంభం దాకా చేత్తో తడిమి చూశాను. ఫోను పాతదేమో అన్నావు. పాస్టరుగారి కొత్త ఫోను పెట్టినా అదే తంతు. శుక్రవారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన మొదలై, రెండో పాట అందుకునేసరికి నువ్వు చూసే లైవ్ ఆగిపోతుంది. కూడికకి వచ్చిన ప్రతివాళ్లూ లేచి వెళ్లి ఆ నెట్ పెట్టెని ఒక దెబ్బ కొట్టి చూస్తారు. అక్కడ చూడ్డానికి నీ గదిలో చేరినవాళ్లలో అబిగయీలు, "కరుణక్కా, మీ ఇంట్లో దేవుడు కూడా గుండ్రంగా తిరుగుతానే ఉండాడు" అని ఎగతాళి చేసిందని రాశావు. ఈ శుక్రవారం మన బిడ్డ మెర్లిన్ మొదటిసారి వాక్యం చెబుతుంది, అది కూడా ఆగిపోతే ఇంక ఎవర్నీ పిలవను, నేనూ చూడను అన్నావు. ఆ మాట చదివాక నాకు అన్నం సయించలేదు.

కేబుల్ చిన్నబాబుతో విసిగిపోయాను. ఎప్పుడు పిలిచినా మిట్టమధ్యాహ్నం వస్తాడు. అప్పుడంతా బాగానే ఉంటుంది. "గుర్రంలాగా పరిగెత్తతా ఉంది కదన్నా, ఇంకేం కావాల నీకు?" అంటాడు. సాయంత్రం వచ్చి చూడమంటే ఆ వేళకి తనకూ ఇల్లుందంటాడు.

అమ్మ సంగతి వేరు. ఉప్పుగాలికి తన ట్రంకుపెట్టే తుప్పు పట్టిపోయిందట, ఈ ప్లాస్టిక్ డబ్బా ఏపాటి అని దాని మీద అల్యూమినియం దబర బోర్లించింది. నేను చూసి తీసేస్తే, వస్తువు కాపాడితే తప్పా అని అలిగి నాతో మాట్లాడడం మానేసింది. దబర తీసినా లైవ్ ఆగిపోవడం మానలేదు.

అసలు కారణం చివరికి నేనే కనిపెట్టాను. పొద్దు గూకితే నీళ్లలో రొయ్యలకి గాలి చాలదు కదా, ఆ వేళకి నేను గుంట దగ్గర నీళ్లు చిలికే ఏరియేటర్లు వేస్తాను. ప్రార్థనలో కూర్చోకుండా కట్ట మీద ఉండేది అందుకే. ఇంటికీ గుంటకీ ఒకటే కరెంటు లైను. ఆ చక్రాలు తిరగడం మొదలుపెట్టగానే ఇంట్లో లైటు గుడ్డిదవుతుంది, నెట్ పెట్టె చచ్చి మళ్లీ పుడుతుంది. ఇన్నాళ్లూ ఊరందరినీ విసుక్కున్నాను గాని, స్విచ్చి వేసే చెయ్యి నాదే.

ఇంకొక సంగతుంది. ఇది కనిపెట్టింది ఈ వారం కాదు. మూడు వారాలైంది. గూడూరు పోయి ఆ పెట్టెకి తగిలించే చిన్న బ్యాటరీ కూడా తెచ్చాను. తెచ్చి మేత షెడ్డులో పెట్టి, విప్పకుండా ఊరుకున్నాను.

లైవ్ బాగుంటే నువ్వు అందర్నీ చూస్తావు. తర్వాత అమ్మతో, మెర్లిన్‌తో మాట్లాడి పెట్టేస్తావు. ఆగిపోతే మాత్రం తిట్టడానికి నేరుగా నాకే చేస్తావు. కట్ట మీద నేనొక్కడినే ఉంటాను. "ఏం మనిషివయ్యా నువ్వు" అని మొదలుపెట్టి, తిట్టి తిట్టి అలిసిపోయి, "తిన్నావా" అంటావు. నీ మోకాలి నొప్పి సంగతి నాకు అట్లానే తెలిసింది. మీ యజమానురాలి బిడ్డ నిన్ను అమ్మా అని పిలిచిందనీ, ఆ రోజు నీకు నిద్ర పట్టలేదనీ అట్లానే తెలిసింది. ఇంట్లో ఎవరికీ నువ్వు అవి చెప్పలేదు.

నీ ఉత్తరం చదివాక బ్యాటరీ బిగించాను. ఏరియేటర్లన్నీ ఒక్కసారే వేసి చూశాను. లైటు గుడ్డిదైంది గాని నెట్ ఆగలేదు. అబిగయీలును పిలువు, అందర్నీ పిలువు. మెర్లిన్ చెప్పేది చివరిదాకా వింటారు.

ప్రార్థన అయ్యాక నాకు ఫోన్ చేసి, మూడు వారాలు దాచినందుకు తిట్టు. కట్ట మీదే ఉంటాను.

ఇట్లు,
మెర్లిన్ నాన్న,
సమాధానం