అరగంట పెద్దది

గుంతకల్లు,
అక్టోబరు 2003

అక్కా,

నువ్వు ఉరవకొండకు వెళ్లిపోయినప్పటి నుంచి నాకు కుదురు లేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ నిన్ను చూసి, "మీ అమ్మకు ఎన్నేళ్లు?" అని నన్ను అడిగితే తల వంచుకున్నాను. "ఒక్క కాన్పులోనే పుట్టినాం తల్లీ, నేను అరగంట పెద్దదాన్ని" అని నువ్వే చెప్పావు.

నిన్న మళ్లీ ఆమె దగ్గరకు వెళ్లాను. మనలాంటి కవలలకు పుట్టుకతో కణాలు ఒకటే అయినా, ఎండలో కూలి, పస్తులు, దిగులు వాటిని తొందరగా ముసలివి చేస్తాయట.

ఈ రైల్వే సంబంధం మొదట వచ్చింది నీకు. "చెల్లికి ఎండ పడదు నాయనా, దానికే చేయండి" అన్నావు. ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పలేదు.

శుక్రవారం బస్సుకు వస్తాను. నువ్వు నాతో రానంటే, నీ పక్కనే వంగి చెనక్కాయలు పీకుతాను. ఎన్నాళ్లని మా ఆయన అడిగారు. నేను సంచి సర్దుకుంటున్నాను.

నీ చెల్లెలు