బాబాయి కుట్టే హుక్కులు

పిన్నీ,

నేను కులాసా. నువ్వు కుట్టుమిషను తొక్కి చదివించబట్టే ఈ హాస్టల్ గదిలో కూర్చుని నీకు రాయగలుగుతున్నాను.

హుక్కులు కుట్టడానికి ఒక అమ్మాయిని చూడమన్నావు. రిటైరయ్యాక బాబాయి సాయం చేస్తున్నాడు గానీ, ఆయన వంకరగా కుట్టినవన్నీ ఆయనకు తెలియకుండా విప్పి మళ్ళీ కుట్టలేక మెడ పట్టేస్తోందన్నావు.

ఆయనకు తెలుసు పిన్నీ. నేను బయల్దేరిన రోజు నవ్వుతూ చెప్పాడు. “విప్పుతుందని తెలుసులేవే. నేను మానేస్తే, రోజంతా మీ పిన్ని పక్కన కూర్చోడానికి ఇంకే సాకు దొరుకుతుంది?”

పని వేరు, ప్రేమ వేరు అనుకునేదాన్ని. నీ కుట్టుకొట్లో మీ ఇద్దరి మధ్య పెరగడం నా అదృష్టం. అందుకే అమ్మాయిని వెతకలేదు. హుక్కులు నువ్వు కుట్టుకుని, ఆయనకు బొత్తాలు ఇచ్చి చూడు. నా కోటుకు ఆయన కుట్టినవి వంకరగానే ఉన్నాయి గానీ, ఒక్కటీ ఊడలేదు.

నీ అక్క కూతురు