రాని కుడిచెయ్యి

మంగళవారం, రాత్రి

ఈరోజు మా ఆయన్ను అత్తా నేనూ మళ్ళీ గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పక్షవాతం వచ్చిన రోజు తొడలో నుంచి సన్నటి గొట్టం పంపి, మెదడులో రక్తపు గడ్డ తీశారు. మూడు నెలలైంది. నడుస్తున్నాడు, మాట ముద్దగానైనా వస్తోంది. కుడిచెయ్యి మాత్రం వేలాడుతూనే ఉంది. మార్కాపురంలో ఇరవై ఏళ్ళు పలకలు కోసిన చెయ్యి అది.

"గడ్డ మొత్తం వచ్చేసిందమ్మా. కానీ మీరు వచ్చేసరికే చాలా ఆలస్యమైంది. షుగరు కూడా ఎక్కువుంది. చెయ్యి మునుపట్లా రావడం కష్టం," అన్నారు డాక్టరు.

బయట బెంచీ మీద అత్త కూర్చుని ఉంది. పక్షవాతం వచ్చిన ఆ ఉదయం ఆయన మూతి వంకర పోతే, "రాత్రంతా నిద్ర లేదు, కాసేపు పండుకోనీలే" అన్నది ఆమే.

"ఏమన్నాడమ్మా డాక్టరు?"

"షుగరు వల్లంట అత్తా."

"నేను పండుకోమన్నందుకు కాదు గదా?"

"కాదత్తా."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది, ఎన్ని రోజులకో.

ఆ ఉదయం ఆమె మాట విని ఆయనకు దుప్పటి కప్పింది నేనే. పొద్దెక్కేదాకా లేపలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు. నీ వల్ల కాదని నాకెవరు చెప్తారు?