చక్రానికి మొదలెక్కడ

గవర్నరు పట్నంలో కచేరీ గుమాస్తాగా ఉన్న నా పెద్దకొడుకు లుక్యాన్‌కు నాన్న యెవ్సేయ్ రాయునది.

ముందు ఎనిమిదేళ్ల నాటి మాట రాస్తాను. అది ఇంకా గొంతులో ముల్లులా ఉంది. ఆ చలికాలం నువ్వు సెలవుకొచ్చినప్పుడు, నాకూ నాలుగక్షరాలు నేర్పరా అని అడిగాను. "ఆ వేళ్లు పేడ పారకే వంగుతాయి నాన్నా, కలానికి వంగవు" అని నీ భార్య ముందు నవ్వావు. నీ తమ్ముడు తిఖోన్ నవ్వలేదు. పొయ్యిగోడ మీద బొగ్గుతో రాయించి, తుడిచి, మళ్లీ రాయించి, మూడు చలికాలాల్లో నేర్పాడు. ఈ ఉత్తరం నా చేత్తోనే రాస్తున్నాను. వంకరగా ఉంటే ఉంది, చదువు.

ఇక్కడ నేను, నీ మరదలు ఉస్తీన్య, తిఖోన్ పసిపిల్ల ప్రాణాలతో ఉన్నాం. అంతకు మించి క్షేమమని రాస్తే అబద్ధం.

నువ్వడిగిన వాటికి జవాబులు. ఆవు ఈనింది, పెయ్యదూడ. రై ధాన్యం చేను పలచగా ఉంది, ఈసారి కోత ఉస్తీన్య మీదే పడింది. నువ్వు పంపిన టీ పొట్లం, తలగుడ్డ అందాయి. తిఖోన్ సంగతిలో ఊళ్లో నా పేరేమైనా వినిపిస్తోందా అని కూడా అడిగావు. ఎందుకడిగావో మొన్నటిదాకా నాకు తెలియలేదు.

ఈస్టరు ముందు పెద్ద ఉపవాసాల్లో చర్చిలో చదివారు గదా, మీ కష్టాలు రాసి పంపుకోండి, జార్ చక్రవర్తి వింటాడని. ముసలివాళ్లు మోకాళ్ల మీద పడి ఏడ్చారు. నువ్వే వచ్చి కాగితం రాసిపెట్టావు. దొరగారి అడవిలో కట్టెలు, పశువులకు పచ్చిక, ఏటికి దారి, అంతే మనం అడిగింది. ఇంటికొక పేరు, బండిచక్రంలా గుండ్రంగా రాయాలన్నాడు గ్రామపెద్ద అనిసిమ్. మా తాతలూ అలాగే రాసేవారు. చక్రానికి మొదలుండదు, ముందు నిలబడింది ఎవరో ఏ అధికారికీ తెలియదు.

కానీ నేను అందర్నీ తోసుకుని ముందుకొచ్చాను.

"ఏం మామా, పెళ్లి భోజనమా, తోసుకొస్తున్నావు?" అన్నాడు అనిసిమ్.

"లుక్యాన్ మీ పేర్లు రాస్తే పక్కన సిలువ గీసుకునేవాళ్లు మీరు. నా పేరు నేనే రాస్తా. జరగండి."

"రాయి మామా, రాయి. నువ్వు ముగించేలోపు జార్‌కు మనవలు పుడతారు!"

అందరూ నవ్వారు. నేను రాశాను, పైన, అందరికంటే ముందు. కాగితం జారకుండా పట్టుకున్నది నువ్వే.

ఆ కాగితం జార్ దాకా పోలేదు. జూన్ నెలలో కొసాక్కు రౌతులను వెంటబెట్టుకొచ్చిన అధికారి చేతిలో కనబడింది. రాసుకోమన్నదీ వాళ్లే, రాసినందుకు పట్టుకోవడానికొచ్చిందీ వాళ్లే.

"మొదటి పేరు రాసిన తిఖోన్ ఎవడు? బయటికి రా."

"అది చక్రం దొరా, దానికి మొదలెక్కడ?" అన్నాడు అనిసిమ్. ఆ మాటకు అతని వీపు మీద కొరడా పడింది.

ఎవరికీ చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను. తిఖోన్ నా వైపు చూశాడు. ఆ పేరు నాదని, రాసింది నేనని వాడికి తెలుసు. నేను ఒక్క మాట అంటే చాలు. కొసాక్కు గుర్రం ఊపిరి నా మెడ మీద వేడిగా తగులుతోంది. నా నోరు పెగల్లేదు. "నేనే దొరా" అని వాడే వెళ్లి చేతులు చాపాడు. కట్టి తీసుకుపోయారు. ఉస్తీన్యకు చెప్పలేదు, పాపం చెప్పుకోవడానికి వెళ్లి పూజారికీ చెప్పలేదు.

మూడు వారాలు ఓర్చుకుని, పోయిన ఆదివారం జైలుకు నడిచి వెళ్లి ఆ అధికారి ముందు నిలబడ్డాను. మొదటి పేరు రాసింది నేను, నన్ను పట్టుకోండి అన్నాను. అతను ఒక కాగితం తీసి చదివాడు. "మా నాన్నకు అక్షరం రాదు, ఆయన పేరు రాసింది నా తమ్ముడు తిఖోన్, అందరికంటే ముందు రాసిందీ వాడే." కింద నీ పేరు. కలం ఇప్పించమని అక్కడే నా పేరు రాసి చూపించాను.

"కొడుకు జైల్లో పడ్డాక నేర్చుకున్నావా తాతా?" అని నవ్వాడు. "నీ పెద్దకొడుకు వచ్చి, నేను రాసింది తప్పని చెబితే చూద్దాం. ఇంటికి పో."

నన్ను కాపాడాలని అలా చేశానంటావేమో. నిన్నెవరడిగారురా? నీ ఉద్యోగం కోసమైతే ఆ మాటే రాయి. భయపడ్డానంటే నమ్ముతాను, నేనూ భయపడ్డవాణ్ణే. నేను నోరు మూసుకున్నాను, నువ్వు చేత్తో రాసిచ్చావు. మన ఇద్దరి మధ్యా వాడు నలిగిపోయాడు.

తిఖోన్‌ను సైబీరియాకు పంపే గుంపు ఆగస్టు పదిహేనున బయలుదేరుతుంది. ఈలోగా నువ్వు ఆ అధికారి దగ్గరికి వెళ్లి నిజం చెప్పు. నా పేరు నాకివ్వు, శిక్షతో సహా.

ఉస్తీన్య రోజూ నీ టీ కాస్తోంది. బావగారు మనల్ని మర్చిపోలేదు మామయ్యా అంటూ ప్రతి పూటా నీకోసం దణ్ణం పెడుతోంది. నేను తల వంచుకుని తాగుతున్నాను. జులై ఇరవైన ఇలియా పండుగ. ఆ రోజు చర్చి నుంచి రాగానే ఆమెను కూర్చోబెట్టి నా సంగతి చెబుతాను. నీ జవాబు వచ్చి ఉంటే అదీ చదివి వినిపిస్తాను. రాకపోతే నీ సంగతి కూడా నేనే చెబుతాను. ఆమెకు తెలిశాక ఊరికి తెలియడానికి పూట పట్టదు.

ఇట్లు,
ఇద్దరు కొడుకుల తండ్రి,
మీ నాన్న యెవ్సేయ్