ఆమెన్ అనలేని ఆదివారం

ప్రియమైన బాబుకి,

నాన్న ప్రభువు పేరట దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ అమ్మా లేచి తిరుగుతున్నాం, ఎవరి పని వాళ్లం చేసుకుంటున్నాం. దాన్నే క్షేమమంటారు కాబట్టి క్షేమమనే రాస్తున్నాను. జైల్లో నీ ఒంట్లో ఎలా ఉందో, తిండి సయిస్తోందో లేదో పోయిన ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు నువ్వు. ఈసారి తప్పక రాయి.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగావు. అలాగే ఉన్నాయి. మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటుంది. నేను చెయ్యి అందిస్తే మాత్రం విదిలించుకుంటుంది. షెడ్డులో పని పలచబడింది. వారానికి రెండు మూడు కార్లు వస్తున్నాయి, అవీ అద్దాలు, బంపర్లు. నీ వ్యాను పోలీసు స్టేషను ఆవరణలోనే ఉంది. అటు వెళ్లినప్పుడు చూశాను, టైర్లలో గాలి దిగిపోయింది.

మన పెయింటరు సంగతి రాశావు. 'నన్ను పట్టించింది వాడే నాన్నా, ఆ రోజు బోనెట్ వైపు అదోలా చూశాడు, వాణ్ణి షెడ్డులోంచి వెళ్లగొట్టు' అని. వెళ్లగొట్టలేదు. ఎందుకన్నది కింద రాస్తాను.

నీ చివరి ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయాను. 'నువ్వు పక్కమీద వాలగానే నిద్రపోతున్నావని అమ్మ చెప్పింది. నేనిక్కడ ఉంటే నీకు నిద్ర ఎలా పడుతోంది నాన్నా?' న్యాయమైన మాటే. నాలుగు రోజులుగా దీనికి జవాబు వెతుక్కుంటున్నాను.

నా సంగతి నీకు తెలియనిదా. నన్ను కంగారు నాన్న అని ఏడిపించేవాడివి. బేకరీ నుంచి బ్రెడ్డు ట్రేలు ఎక్కించుకుని నువ్వు బయల్దేరగానే ఫోను చేసేవాణ్ణి. "ఇంకా మన వీధే దాటలేదు నాన్నా, ఇక్కడ గుద్దడానికి నీ స్కూటరు తప్ప ఏమీ లేదు" అని నవ్వేవాడివి. స్టవ్ కట్టేశానా, షట్టరుకు తాళం పడిందా, నీ లైసెన్సు గడువు దాటిందా అని రోజంతా ఒకటే గుబులు. ప్రార్థనలో కూడా ఈ చిట్టానే చదివేవాణ్ణి.

ఆ రోజు తెల్లారాక ఆరున్నరకు నువ్వు వ్యాను నేరుగా షెడ్డులోకి తెచ్చావు. "కుక్క అడ్డొచ్చింది నాన్నా" అన్నావు. నీ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నేను ఇంకేమీ అడగలేదు. హెడ్‌లైటు విప్పితే దాని వెనక ఖాకీ గుడ్డముక్క ఇరుక్కుని ఉంది, గుండీతో సహా. కుక్కలు చొక్కాలు తొడుక్కోవు బాబూ. దాన్ని జేబులో వేసుకున్నాను. నీకు చెప్పలేదు. బోనెట్ నేనే సరిచేశాను, పుట్టీ నేనే పెట్టాను, రంగు కూడా నేనే కొట్టాను. తన పని తనకివ్వకుండా నేను చేస్తున్నానని పెయింటరు నొచ్చుకున్నాడు. అతను అదోలా చూసింది అందుకే.

మూడో రోజు పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. డ్యూటీ దిగి సైకిలు మీద ఇంటికి పోతున్న వాచ్‌మన్, గుర్తు తెలియని వాహనం, స్పృహ రాకుండానే ఆస్పత్రిలో మరణం. ఆ కాగితం నువ్వు చదివావు, నేను చదివాను, అమ్మ చదివింది. మడిచి బల్లమీద పెట్టి ముగ్గురం అన్నం తిన్నాం.

అక్కణ్నుంచి పదమూడు వారాలు. పోలీసు జీపు వీధిలో కనబడితే నా చేతిలో సుత్తి జారిపోయేది. కొత్త కస్టమరు ఎవరొచ్చినా మఫ్టీలో వచ్చాడేమో అనుకునేవాణ్ణి. 'ప్రభువా, దీన్ని కప్పెయ్యి' అని పొద్దునా సాయంత్రం అడిగేవాణ్ణి. ఎంత అడిగితే అంత భయం పెరిగింది.

ఒక ఆదివారం పాస్టరుగారు ప్రార్థన మనవుల చీటీలు చదువుతున్నారు. ఆడవాళ్ల వైపు నాలుగో వరసలో ఒక కొత్తావిడ ఉంది, పొరుగావిడ ఎవరో తీసుకొచ్చారట. "ఈ చెల్లెమ్మ భర్త వాచ్‌మన్‌గా చేసేవాడు. ఎవరో బండితో గుద్ది వెళ్లిపోయారు. దేవుడు ఈ కుటుంబాన్ని ఓదార్చాలని ప్రార్థిద్దాం" అన్నారాయన. ప్రార్థన అయ్యాక అందరూ ఆమెన్ అన్నారు. నువ్వు నా పక్కనే ఉన్నావు. నువ్వూ అన్నావు, నేల చూస్తూ. నాకు నోరు పెగల్లేదు. ఆవిడ ఓదార్పుకు అడ్డంగా కూర్చున్నది నేనే అయితే, ఏ మొహంతో ఆమెన్ అనను?

మిమ్మల్ని ఇంటికి పంపేసి నేను ఉండిపోయాను. పాస్టరుగారికి అంతా చెప్పాను.

"నన్నేం చెయ్యమంటారు అయ్యగారూ?" అన్నాను.

"మీకు తెలుసు అన్నయ్యా. నేను చెప్పాలా?" అన్నారు. "స్టేషను దాకా తోడు మాత్రం రాగలను."

ఖాళీ బెంచీల మధ్య మోకరించాను. ఎప్పటిలా అడగడానికి ఏమీ దొరకలేదు. 'ప్రభువా, ఇరవై ఆరేళ్లుగా వాణ్ణి నేనే కాపాడుతున్నాననుకున్నాను. నా వల్ల కాదు. నీ చేతిలో పెడుతున్నాను' అన్నాను. అంతే. ఏ వెలుగూ రాలేదు, ఏ మాటా వినబడలేదు. సిమెంటు నేల మీద మోకాళ్లు నొప్పెట్టాయి. కానీ లేచేసరికి గుండెల్లో ఆ గుబులు లేదు. మర్నాడు జరగబోయేదంతా తెలుసు, అందులో మంచిదేమీ లేదనీ తెలుసు. అయినా ఆ రాత్రి పడుకోగానే నిద్రపట్టింది.

సోమవారం ఉదయం పదిగంటలకు ఆ గుడ్డముక్క ఇన్‌స్పెక్టరు బల్లమీద పెట్టాను.

బాబూ, నిన్ను పట్టించింది పెయింటరు కాదు. నేను.

ముందు నీతో మాట్లాడి, నిన్నే వెంటబెట్టుకుని వెళ్లి ఉండాల్సింది. నువ్వు కాళ్లు పట్టుకుంటే కరిగిపోతానని భయపడ్డాను. అది నా పిరికితనం. దానికి నువ్వు నన్ను క్షమించకపోయినా నేనేమీ అనలేను. వచ్చే నెల కోర్టులో కాగితాలు చదివేటప్పుడు నా పేరు వస్తుంది. బండి బాగుచేసి సాక్ష్యం మాపినందుకు నామీదా కేసు పెడతారట. అది పరాయివాళ్ల నోట వినకముందే నా చేతిరాతలో నీకు తెలియాలి.

అమ్మకు ఈ ఆదివారమే చెప్పాను. అన్నం వడ్డిస్తోంది గానీ నాతో మాట్లాడటం లేదు. నిన్న ఒక్క మాటే అంది: "వాడికి మీరే రాయండి. నా చేత చెప్పించకండి."

నిద్ర సంగతి అడిగావు కదా. నాకు సంతోషం లేదు. వీధిలో వ్యాను హారను వినబడితే నువ్వే అనుకుని షెడ్డు బయటికి వచ్చేస్తాను. రోజూ ఏడుస్తాను. ఏడ్చి నిన్ను మళ్లీ ప్రభువు చేతిలో పెడతాను, నిద్ర వస్తుంది. ఇంతకంటే వివరంగా చెప్పడం నాకు రాదు.

ఇంకొక్కటి. పోయిన వారం ఆ వాచ్‌మన్ ఇంటికి వెళ్లాను. ఒకటే గది. నేనెవరో చెబితే ఆవిడ తిట్టలేదు, కూర్చోమనీ అనలేదు. తలుపు పట్టుకుని నిలబడి ఒకటే అడిగింది.

"పడ్డాక ఆయన ఏమన్నా అన్నాడా? నన్ను గానీ పిలిచాడా?"

నాకు తెలియదమ్మా అన్నాను. నువ్వు ఆ రోజు బండి ఆపావో లేదో, దిగావో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగను. ఆవిడ అడిగిందానికి జవాబు ఈ లోకంలో తెలిసినవాడివి నువ్వొక్కడివే. లాయరుగారు వద్దంటారు, పైగా మన ఉత్తరాలు జైలువాళ్లు చదువుతారు. అన్నీ ఆలోచించుకునే నిర్ణయించుకో.

గురువారం నిన్ను చూడ్డానికి ములాఖత్‌కి వస్తాను. నువ్వు బయటికి రాకపోతే తప్పు పట్టను, టైమయ్యేదాకా ఆ బెంచీ మీద కూర్చుని వెళ్తాను. ఈ ఉత్తరంతో పాటు తెల్లకాగితం ఒకటి, ఆవిడ అడ్రసు రాసిన కవరు ఒకటి పెట్టాను.

ఇట్లు,
నీ మేలు కోరే,
నీ నాన్న